సల్వాకూ వఫ్రాకూ మధ్య ఒక గది

మా కఫీల్‌కు, అంటే మాకు వీసాలిచ్చిన యజమానికి, సల్వాలో ఇల్లు, వఫ్రాలో తోట ఉండేవి. ఇంట్లో వంటకు నేను, తోటలో నీళ్ళ మోటార్లకు మా ఆయన. ఇద్దరి వీసాల మీదా ఒకే మనిషి పేరు ఉంది కాబట్టి కువైట్‌లో ఒక్కచోటే ఉంటామని నమ్మి కడపలో రైలెక్కాను. దిగిన మూడో రోజుకు గానీ తెలియలేదు, ఆ ఇంటి నుంచి ఆ తోటకు కారులోనే గంటకు పైగా పడుతుందని. సల్వా పట్నం పక్కన, సముద్రం వైపు ఉంది. వఫ్రా దేశానికి దక్షిణం కొసన, సౌదీ సరిహద్దు దగ్గర, బస్సు కూడా సరిగ్గా పోని చోటు.

అట్లా మూడేళ్ళు గడిచాయి. కొన్ని శుక్రవారాలు కఫీల్ కుటుంబం తోటకు పోయేది. వంటకు నన్నూ తీసుకుపోయేవారు. మాంసం ముక్కలు బొగ్గుల మీద తిప్పుతూ నేను, మోటారు గది గడప మీద కూర్చుని ఆయన, ఇరవై అడుగుల దూరం నుంచి మాట్లాడుకునేవాళ్ళం. మా పల్లెలో ఎవరు చచ్చారు, ఎవరికి పిల్లలు పుట్టారు, నీకు జ్వరం తగ్గిందా, ఇవే మాటలు. దగ్గరికి పోయి కూర్చోవడానికి సిగ్గు.

ఈ సంగతి మొదట పట్టుకున్నది కఫీల్ తల్లి. డెబ్భై దాటిన ముసలమ్మ. ఒక శుక్రవారం నన్ను పిలిచి, "అతను నీ మొగుడేనా?" అని అడిగింది. అవునన్నాను.

"మరి పొరుగువాడితో మాట్లాడినట్టు అంత దూరం నుంచి మాట్లాడతావెందుకు?"

నేను బొగ్గుల దగ్గరికి తిరిగి పోయాను. ఆమె ఆ రోజు నుంచి కొడుకును వదల్లేదు. భార్యాభర్తలను విడదీసి ఉంచితే ఆ పాపం ఇంటికి తగులుతుందని అన్నం ముందు, ఫోను ముందు, కారు ఎక్కేటప్పుడు, ఎప్పుడూ అదే మాట. చివరికి కఫీల్ విసిగిపోయి మా ఇద్దరినీ పిలిపించాడు. ఆయనను మేం బాబా అనేవాళ్ళం, ఆయన భార్యను మామా అనేవాళ్ళం. అక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరూ అట్లాగే పిలుస్తారు. మా వైపు మామ అంటే మేనమామ. మొదటి నెలల్లో ఆ పిలుపు నాకు నోరు తిరిగేది కాదు.

"బయట గది చూసుకోండి," అన్నాడు బాబా. "ఆరింటికి అతను తోటలో ఉండాలి. ఆరున్నరకు నువ్వు వంటింట్లో ఉండాలి. ఆలస్యమైతే ఖలాస్, మళ్ళీ ఎవరి చోట వాళ్ళు."

ఆ మాట అన్న రోజు నుంచే మా ఇద్దరికీ నిలకడ పోయింది.

వఫ్రాలో గదులు దొరకవు, దొరికినా అక్కడి నుంచి నేను సల్వాకు చేరలేను. సల్వాలో కువైటీల ఇళ్ళు తప్ప మాలాంటివాళ్ళకు అద్దె గది ఎక్కడిది? అందుకే రెండింటికీ నడుమ, సముద్రం వెంబడి ఉన్న చిన్న చిన్న ఊళ్ళు చూడటం మొదలుపెట్టాం. ఆయనకు ఫహాహీల్ మీద మనసు. తోటకు దగ్గర, మన తెలుగువాళ్ళు ఉంటారు, కందిపప్పు దొరుకుతుంది. నాకు ఫింతాస్ మీద మనసు. సల్వాకు బస్సు తొందరగా చేరుతుంది. ప్రతి శుక్రవారం ఏదో ఒక బస్‌స్టాపులో నిలబడి పోట్లాడుకునేవాళ్ళం.

"ఫింతాస్ అంటే నేను మూడింటికే లేయాల. నీకు నిద్ర కావాల, నాకు వద్దా?" అనేవాడు ఆయన.

"ఫహాహీల్ అంటే నేను రెండు బస్సులు మారాల. ఒక బస్సు తప్పిపోయిందంటే ఆ మామా మొగం నువ్వు చూస్తావా?" అనేదాన్ని నేను.

మా తగువు తీర్చింది తోట హాఫ్ లారీ డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. రాత్రి పూట కూరగాయలు పట్నం మార్కెట్‌లో దించి, తెల్లవారుజామున ఖాళీ లారీతో సముద్రం దారినే తోటకు తిరిగి వచ్చేవాడు. మా ఆయనను రోజూ దారిలో ఎక్కించుకుంటానని ఒప్పుకున్నవాడు కూడా అతనే.

"వదినె, మైళ్ళు లెక్కవెట్టకుండ్రి," అన్నాడు ఒక రోజు. "గడియారం వట్టుకొని సూడుండ్రి. ఇద్దరికీ పొద్దు ఒక్కతీరుగ వోయే ఊరు ఏదుంటదో గాడ దిగుండ్రి."

ఆ మాట మా ఆయనకు నచ్చింది. వరుసగా మూడు శుక్రవారాలు చేతికి గడియారం కట్టుకుని ఒక్కో ఊరి నుంచి తోట గేటు దాకా, సల్వా ఇంటి గేటు దాకా ఎంతసేపు పడుతుందో చూశాడు. ఫహాహీల్ ఆయన వైపు మొగ్గింది, ఫింతాస్ నా వైపు మొగ్గింది. అబూ హలీఫాలో ఇద్దరికీ పది నిమిషాలు అటూ ఇటూగా సమానం వచ్చింది. అక్కడే దిగాం.

పెద్దగా చూడటానికేమీ లేని ఊరు. తీరం వెంబడి కొన్ని పాత ఇళ్ళు, కొన్ని కొత్త బిల్డింగులు, ఒక రొట్టెల బట్టీ, ఒక కిరాణా కొట్టు, ఇసుక మీదికి లాగి పెట్టిన పడవలు. "మనోళ్ళు ఒక్కరన్నా లేరే ఈడ," అన్నాడు ఆయన. "మనం ఉంటాం గదా," అన్నాను. ఒక పాత కువైటీ ఇంటిని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. నడుమ చదరంగా వాకిలి, చుట్టూ గదులు. మిగతా గదుల్లో చేపలు పట్టే మలయాళీలు ఉన్నారు. మాకు మూల గది దొరికింది.

పెళ్ళయి ఐదేళ్ళకు మొదటిసారి ఒక తాళం మా చేతికి వచ్చింది. దాన్ని తలుచుకుని నేను సంతోషంగా ఉన్నానని రాయాలి. అట్లా లేదు. ఆయన నాలుగున్నరకు పోయేవాడు, నేను ఐదింటికి. ఆయన ఏడింటికి తిరిగి వచ్చేవాడు, నేను ఎనిమిదింటికి. ఆ ఊరు ఆయనదీ కాదు, నాదీ కాదు. కూర ఉడుకుతుంటే రేపటి బస్సు గుర్తొచ్చేది. ఆయన అన్నం తింటూ గడియారం చూసేవాడు. శుక్రవారం పని లేకపోయినా గదిలో కూర్చోలేకపోయేదాన్ని. నేల రెండుసార్లు కడిగి, రోడ్డు మీదికి పోయి, ఎక్కే పని లేని బస్సులు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడేదాన్ని.

"నీకు పిచ్చి పట్టినాదిమే," అనేవాడు ఆయన. తనేమో రేడియో విప్పి బిగిస్తూ ఉండేవాడు, బాగున్న రేడియోనే.

మార్చి నెలలో ఒక సాయంత్రం పెద్ద వాన పడి రోడ్లు నిండిపోతే మామా తన కారులో నన్ను గది దాకా దించింది. లోపలికి రాలేదు. కారు అద్దం కొంచెం దించి, "ఇక్కడా ఉంటున్నారు?" అని అడిగి వెళ్ళిపోయింది. ఆమె దారి గుర్తుపెట్టుకున్నదని నేను అనుకోలేదు.

అట్లా ఏడు నెలలు గడిచాక ఆగస్టు వచ్చింది.

ఆ గురువారం తెల్లవారుజామున హాఫ్ లారీ సమయానికి రాలేదు. ఆయన రోడ్డు పక్కన నిలబడే ఉన్నాడు. నేను బస్సు కోసం పోయేసరికి కూడా అక్కడే ఉన్నాడు. బస్సూ రాలేదు. పట్నం వైపు నుంచి కార్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి పోతున్నాయి. పైన పరుపులు, వెనక అద్దంలో పిల్లల ముఖాలు. ఈ ఎండాకాలంలో ఇంతమంది ఒకేసారి ఎక్కడికి పోతున్నారు అనుకున్నాను. దూరంగా ఉరుము లాంటి చప్పుడు వినిపించింది. ఆకాశంలో మబ్బు లేదు.

లారీ వచ్చినప్పుడు ఖాళీగా లేదు. బెండకాయల పెట్టెలు, సొరకాయల పెట్టెలు రాత్రి ఎక్కించినవి ఎక్కించినట్టే ఉన్నాయి. డ్రైవరు కిందికి దిగలేదు. స్టీరింగు పట్టుకునే మాట్లాడాడు.

"అన్నా, ఇరాక్ ఫౌజు వట్నంల దిగింది. నా కండ్లతోని సూసిన, ట్యాంకులు. మార్కెట్‌ల ఎవ్వలు లేరు. బండి మల్పుకొని అచ్చిన. ఎక్కుతవా, వోవాల్నా?"

మా ఆయన నా వైపు చూశాడు.

"పోవద్దు," అన్నాను.

"మోటారు ఎయ్యకపోతే గొర్రెలకు నీళ్ళుండవుమే. ఈ ఎండకు మధ్యాన్నానికి సచ్చిపోతాయి. సాయంత్రానికి వచ్చేస్తా."

"గొర్రెలా? నేను కాదా?"

"నువ్వు గదిలో ఉంటావు గదా. తలుపు ఏసుకో." ఎక్కి కూర్చున్నాడు. ఆయనలో భయం లేదనను. లారీ తలుపు రెండుసార్లు వేసుకున్నాడు. పనికి పోకుండా ఉండటం ఆ మనిషికి చేతకాదు, అంతే. లారీ కార్ల వరుసలో కలిసిపోయింది.

నాకూ చేతకాలేదు. గదికి పోకుండా సల్వా వైపు నడక మొదలుపెట్టాను. బాబా కంటి ఆపరేషన్‌కు లండన్ పోయి ఉన్నాడు. ఇంట్లో మామా, ముసలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. పిల్లలకు పాలు కాచేది నేనే. ఫింతాస్ దాకా పోయానో లేదో రోడ్డు మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. ట్యాంకును అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. కాళ్ళ కింద తారు కదిలింది. వెనక్కి తిరిగి పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడ పోయిందో తెలియదు.

కిరాణా కొట్టులో ఫోను ఇంకా పనిచేస్తోంది. సల్వాకు చేశాను. మామా ఎత్తింది.

"రాకు," అంది. "వీధి చివర సైనికులు ఉన్నారు. రాకు." అంతలో లైను పోయింది.

సాయంత్రానికి ఆయన రాలేదు. మరుసటి రోజూ రాలేదు. నేను ఉదయం దక్షిణం వైపు కొంత దూరం, మధ్యాహ్నం ఉత్తరం వైపు కొంత దూరం నడిచి, రెండు వైపుల నుంచీ తిరిగి వచ్చేదాన్ని. ఇద్దరికీ సమానమని ఎంచుకున్న ఊరు. ఇప్పుడు ఏ వైపూ చేరలేని ఊరైంది. మలయాళీ చేపలవాళ్ళలో పెద్దాయన ఒకసారి నా ముందు నిలబడి, హిందీలో, "చెల్లెమ్మా, ఒకచోట కూర్చో, నిన్ను చూస్తుంటే మాకు భయం వేస్తోంది," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఆయనే అనుకుని తీశాను. వాకిట్లో మామా నిలబడి ఉంది. ఒంటి మీది నల్ల అబాయా దుమ్ము కొట్టుకుని ఉంది. వెనక ముసలమ్మ, పదేళ్ళ పెద్ద పిల్ల, ఐదేళ్ళ చిన్న పిల్ల.

"నీ భర్త ఉన్నాడా?" అంది.

"తోటకు పోయాడు. రాలేదు."

ఆమె గోడకు చేయి ఆనించింది. "తోటకు దారి చూపిస్తాడని వచ్చాను. నాకు పెద్ద రోడ్డే తెలుసు. ఎప్పుడూ పిల్లల తండ్రే నడిపేవాడు, నేను పక్కన నిద్రపోయేదాన్ని. పెద్ద రోడ్డు మీద కువైటీలను ఆపి దింపుతున్నారు. తోట నుంచి సౌదీకి దాటిస్తున్నారట."

వాళ్ళను లోపలికి రమ్మనాలా, రండి కూర్చోండి అని నేను అనొచ్చా, ఒక్క క్షణం నాకు తెలియలేదు. ముసలమ్మకు ఆ ఇబ్బంది లేదు. నన్ను పక్కకు జరిపి లోపలికి వచ్చి, మా చాప మీద కూర్చుని నీళ్ళు అడిగింది.

ఆ గదిలో ఐదుగురం రెండు రాత్రులు ఉన్నాం. ఇద్దరికే ఇరుకైన గది. మామా మొదట పెట్టె మీద కూర్చుంది, తరువాత నేల మీదికి దిగింది. నేను అన్నం వండి, వాళ్ళకు పెట్టి, అలవాటుగా తలుపు దగ్గర నిలబడ్డాను. ముసలమ్మ చెంచా కింద పెట్టింది.

"ఇల్లు నీది. నువ్వు నిలబడితే మేం ఎట్లా తింటాం? కూర్చో."

కూర్చున్నాను. మామా కొంచెం జరిగి చోటిచ్చింది. మూడేళ్ళలో ఆమె ఎదుట నేను అన్నం తినడం అదే మొదటిసారి. పప్పు కారంగా ఉందని చిన్న పిల్ల ఏడిస్తే మామా దాన్ని కసిరింది. మధ్యాహ్నం నేను వద్దంటున్నా గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. సబ్బు సగం సగం వదిలేసి తెచ్చింది. ఆమె అటు తిరిగినప్పుడు నేను మళ్ళీ కడిగాను. చూసిందో లేదో తెలియదు.

ఆమెకూ నిలకడ లేదు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. "ఎప్పుడొస్తాడు?" అని అడుగుతుంది. నేను "వస్తాడు" అంటాను. ఆ ఇరుకు గదిలో ఇద్దరం ఒకరికొకరం అడ్డం వస్తూ తిరిగాం. ఒకసారి ఎదురెదురు పడి ఆగిపోయాం. నవ్వు రావలసింది, రాలేదు.

ఆదివారం పొద్దున సైనికులు వచ్చారు. నలుగురు. బయట నిలిపిన పెద్ద కారు ఎవరిదని మలయాళీ పెద్దాయనను అడిగారు. ఆయన తెలియదన్నాడు. లోపల ఎవరున్నారని అడిగారు. "అంతా హిందీ వాళ్ళమే, కూలోళ్ళం," అన్నాడు. అరబ్బులకు హిందీ అంటే ఇండియావాడు. నేను తలుపు సందులోంచి అంతా వింటున్నాను. నా వెనక మామా పెద్ద పిల్ల నోటి మీద చేయి పెట్టి పట్టుకుంది. ముసలమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. నేను తలుపు తీసి బయటికి పోయి, కుళాయి కింద బట్టలు పెట్టి ఉతకడం మొదలుపెట్టాను. ఎందుకు అట్లా చేశానో ఇప్పటికీ చెప్పలేను. చేతులకు ఏదో ఒక పని కావాలి. ఒక సైనికుడు నా వైపు చూసి, రొట్టె ఉందా అని అడిగాడు. ఉన్న రొట్టెలు తెచ్చి ఇచ్చాను. అక్కడే నిలబడి, రొట్టె చుట్టలు చుట్టి, నీళ్ళు కూడా లేకుండా తిన్నాడు. చాలా ఆకలిగా ఉన్నాడు. తరువాత కారు అద్దం పగలగొట్టి, ఏవో తీగలు కలిపి, కారు తీసుకుపోయారు.

మామా కారు కోసం ఏడవలేదు. "ఇప్పుడు నాకు చక్రాలు కూడా లేవు," అని మాత్రం అంది.

సోమవారం తెల్లవారుతుండగా హాఫ్ లారీ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు ఎట్లా తెలియకుండా పోతుంది? ఆయన దిగాడు. గడ్డం పెరిగి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దారిలో మూడు రోజులు ఏ బండినీ వదల్లేదని, గొర్రెల దాణా కోసమని చెబితే ఈ రోజు పోనిచ్చారని, దారిలో గడ్డిమోపులు ఎక్కించుకుని వచ్చామని చెప్పాడు. గదిలోకి తొంగిచూసి, చాప మీద ముసలమ్మను, గోడ వారన మామాను చూసి నిలబడిపోయాడు.

"వీళ్ళు ఈడెందుకుండారు?" అన్నాడు తెలుగులో, మెల్లగా.

"సౌదీకి పోవాలంట. నువ్వే దారి చూపాలంట."

ఆయన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ముసలవ్వను ముంగట కూసోవెడదాం అన్నా. ఆమెను, పోరగాండ్లను ఎనుక గడ్డిమోపుల నడుమ. ఏమన్న అడిగితే దాణా అందాం. ఇగ అల్లా దయ, మన రాత," అన్నాడు.

నేనూ ఎక్కాను. మామా రమ్మనలేదు, ఆయనా రమ్మనలేదు. ఇంకొక రోజు ఆ రోడ్డు మీద నిలబడి ఎదురుచూడటం నా వల్ల కాదు.

గడ్డిమోపుల మధ్య, టార్పాలిన్ కింద, చిన్న పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని ఆ దారిన పోయాను. ఏడు నెలలు ఆయన రోజూ పోయి వచ్చిన దారి. చిరుగులోంచి చూస్తే ఇసుక, కరెంటు స్తంభాలు, మళ్ళీ ఇసుక. ఒకచోట లారీ ఆగింది. ఎవరో అరబ్బీలో అడిగారు, డ్రైవరు హిందీ కలిపి ఏదో చెప్పాడు. ఒక పెట్టె బెండకాయలు దించుతున్న చప్పుడు. తరువాత కదిలింది. పిల్ల నా చీర కొంగు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. మామా చేయి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి నా మోచేయి పట్టుకుంది. తోట వచ్చేదాకా వదల్లేదు.

తోటలో మా ఆయన తిప్పిన నీళ్ళు కాలువల్లో పారుతున్నాయి. గొర్రెలు బతికే ఉన్నాయి. పక్క తోటలో ఉండే బదూ ముసలాయన, ఎడారి తెగ మనిషి, తన జీపులో అప్పటికే రెండు కుటుంబాలను దాటించాడట. నడి మధ్యాహ్నం పోదాం, ఎండకు కాపలావాళ్ళు నీడ వెతుక్కుంటారు అన్నాడు.

జీపు ఎక్కబోతూ మామా, "మీరూ రండి," అంది.

మా ఆయన ముఖం వెలిగింది. వెంటనే, "మా పాస్‌పోర్టులు?" అని అడిగాడు.

మామా ఇసుక వైపు చూసింది. పిల్లల కాగితాలు, నగలు, మందులు అన్నీ ఆమె సంచిలో ఉన్నాయి. మా పాస్‌పోర్టులు, మేం దిగిన రోజే బాబా తీసుకున్నవి, సల్వా ఇంట్లో ఆయన అలమారలో ఉన్నాయి. ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదని కూడా ఆమె అనలేదు. సంచిలోంచి తాళంచెవులు తీసి నా చేతిలో పెట్టింది.

"పైగదిలో, ఎడమ అర," అంది.

ముసలమ్మ నా తల వంచి నుదుటి మీద ముద్దు పెట్టింది. జీపు దిబ్బల వెనక్కి పోయింది. మా ఆయన చాలాసేపు అటే చూసి, చివరికి అన్నాడు. "రెండు దినాలు మన గదిలో తిని పడుకునింది. ఒక్కసారన్నా ఈ మాట అనింటే, కారు పోకముందే పోయి తెచ్చుకుందువు."

"నేను కూడా అడగలే," అన్నాను. నిజమే. నా పాస్‌పోర్టు నాదని నాకే గుర్తు లేదు.

మరుసటి రోజు లారీ మమ్మల్ని అబూ హలీఫాలో దించింది. అక్కడి నుంచి ఇద్దరం నడిచాం. ఫింతాస్ దగ్గర చెక్‌పోస్టులో ఆయనను ఆపేశారు. ఒక ట్రక్కు నుంచి బస్తాలు దించడానికి మనుషులు కావాలట. నన్ను పొమ్మన్నారు. "నువ్వు పో, నేనీడ్నే ఉంటా," అన్నాడు ఆయన భుజం మీద బస్తాతో. రొట్టెల వ్యాను ఒకటి కొంత దూరం ఎక్కించుకుంది. మిగతాది నడిచాను.

తాళంచెవులు అక్కరలేదు. గేటు తెరిచే ఉంది. తలుపుకు గడియ లేదు. నా వంటింట్లో ఫ్రిజ్ ఉండే చోట దుమ్ము చదరం ఉంది. పిండి నేలంతా చల్లి, దాని మీద బూట్ల గుర్తులు. మూడేళ్ళు రోజూ తుడిచిన ఇల్లు. ఒక్క నిమిషం చీపురు కోసం వెతికాను, ఆ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది.

పైన అలమారను బోర్లా పడేశారు. కాగితాలు గదంతా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటి తిప్పి చూశాను. స్కూలు కాగితాలు, తోట బిల్లులు, ఎవరివో పెళ్ళి ఫోటోలు. నా పాస్‌పోర్టు మంచం కింద దొరికింది. అట్ట చినిగింది గానీ ఫోటో ఉన్న పేజీ బాగుంది. ఆయనది దొరకలేదు. పరుపు ఎత్తాను, స్నానాలగది చూశాను, పెరట్లో ఎవరో కాల్చిన కాగితాల బూడిద కూడా కెలికాను. లేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన చెక్‌పోస్టు దగ్గర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా చక్కెర దుమ్ము.

"నాది దొరికింది. నీది లేదు," అన్నాను.

జుట్టు దులుపుకున్నాడు. "అయితే నువ్వు పో," అన్నాడు. "మలయాళీ వాళ్ళు బస్సు మాట్లాడుకుంటాండారు. బస్రా మీద పోతారంట. వాళ్ళతో పో. నాకు కాగితాలు దొరికినాక వస్తా."

నేను ఆయన మీద అరిచింది ఆ చెక్‌పోస్టు దగ్గరే. సైనికులు కూడా తిరిగి చూశారు. "మూడేండ్లు శుక్రవారాలకు కాపురం చేసినా. ఏడు నెలలు గడియారం చూసుకుంటా చేసినా. ఇంగ నువ్వొక దారి, నేనొక దారి పోయేది లేదు. పోతే ఇద్దరం పోదాం, లేదంటే ఇద్దరం ఈడ్నే ఉందాం. అర్థమైందా?"

ఆయన తల ఊపాడు. గదికి పోయేదాకా నా వెనకే నడిచాడు.

మలయాళీలు వెళ్ళిపోయారు. పెద్దాయన తన బియ్యం బస్తా మా గది ముందు పెట్టి పోయాడు. ఆ తరువాత మూడు వారాలు మా ఆయన మన ఎంబసీ గేటు దగ్గర వరుసలో నిలబడటమే పనిగా పెట్టుకున్నాడు. నేనూ పక్కన నిలబడేదాన్ని. చివరికి ఫోటో అతికించి ముద్ర వేసిన ఒక కాగితం చేతికి వచ్చింది. దాంతో బస్సు ఎక్కాం. బస్రా, బాగ్దాద్, తరువాత జోర్డాన్ సరిహద్దులో గుడారాలు. పగలు వేడి, సాయంత్రం గాలి, ఒక్కో నీళ్ళ డబ్బా కోసం పరుగు. అక్కడ పదకొండు రోజులు ఉన్నాం. కూర్చున్నచోటి నుంచి లేచే పనీ లేదు, పోయే చోటూ లేదు. విచిత్రంగా, మా ఇద్దరికీ నిద్ర పట్టింది అక్కడే. తరువాత విమానం, బొంబాయి, కడప రైలు.

పల్లెలో రెండేళ్ళు ఉన్నాం. ఆయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. నాకు ఒక ఆడపిల్ల పుట్టింది, మూడు నెలలకు పోయింది. ఆ తరువాత ఆ ఇంట్లో నేను నిలవలేకపోయాను. యుద్ధం అయిపోయి, మళ్ళీ పనికి రమ్మని సల్వా నుంచి ఉత్తరం వచ్చినప్పుడు, పోదామా అని ఆయన అడగలేదు, ఎప్పుడు పోదాం అని అడిగాడు.

తోట లేదు. మోటార్లు ఎవరో పీక్కుపోయారు, చెట్లు ఎండిపోయాయి. అటువైపు మందుపాతరలు ఉన్నాయని ఎవరూ పోవడం లేదు. బాబా మా ఆయనను ఇంటి డ్రైవరుగా పెట్టుకున్నాడు. గేటు పక్కన మా ఇద్దరికీ ఒక గది ఇచ్చారు. జగిత్యాల డ్రైవరు ఏమయ్యాడో తెలియలేదు. అమ్ఘరాలో తుక్కు లారీ నడుపుతున్నాడని ఒకరన్నారు. మా ఆయన పోయి రెండుసార్లు వెతికి వచ్చాడు, కనబడలేదు. ముసలమ్మ సౌదీలో, దమ్మామ్‌లోనే చనిపోయిందట. ఆమె గది తలుపు వేసే ఉండేది. అందులో దుమ్ము దులపడానికి పోయినప్పుడు నేను కొంచెం సేపు ఊరికే కూర్చునేదాన్ని. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

మామా ఆ రెండు రాత్రుల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె ఎప్పటిలాగే సోఫాలో కూర్చునేది, నేను నిలబడేదాన్ని. మొదట్లో నాకు కోపంగా ఉండేది. తరువాత అనిపించింది, ఆమెకు అది నా గది గుర్తు కాదు, ఇల్లు పోయిన రోజుల గుర్తు. వాటిని ఎవరు మాత్రం పదేపదే తలుచుకుంటారు?

చిన్న పిల్లకు పన్నెండేళ్ళు వచ్చాక ఒక రోజు, బంధువుల ఆడవాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా, నన్ను చూసి తల్లిని అడిగింది. "మామా, మనం నిజంగా ఈమె గదిలో పడుకున్నామా? నాకు గడ్డి వాసన గుర్తుంది, ఇంకేం గుర్తులేదు."

మామా నా వైపు చూసింది.

"పడుకున్నాం," అంది. "చాలా ఉక్కగా ఉండింది. ఈమె విసనకర్రతో విసురుతూనే ఉంది, నాకు మెలకువ వచ్చినప్పుడల్లా చూశాను." బంధువుల వైపు తిరిగి, "ఈమె లేకపోతే ఈ పిల్ల లేదు," అంది.

ఎవరో ఏదో అడిగారు. నాకు వినబడలేదు. టీ చల్లారిపోయి ఉంటుందని చెప్పి పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వచ్చి, పొయ్యి వెలిగించి, నీళ్ళు పెట్టాను.